బబిన్‌స్కీ చిహ్నం: అరికాలు ఇచ్చే సాక్ష్యం, దాని హద్దులు

పెద్దవాళ్ళ అరికాలి మీద మడమ దగ్గర మొదలుపెట్టి, వెలుపలి అంచు వెంబడి చిటికెనవేలి మొదలు దాకా, అక్కణ్ణుంచి లోపలికి వంపు తిప్పి, మొద్దు కొనతో నిదానంగా గీస్తే కాలివేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. అలా ముడుచుకోవలసిన చోట బొటనవేలు పైకి లేస్తే దాన్ని వైద్యులు బబిన్‌స్కీ చిహ్నం అంటారు. ఒక్కోసారి తక్కిన నాలుగు వేళ్ళూ విసనకర్రలా విచ్చుకుంటాయి కూడా. పాదంలో పరీక్షించే ప్రతీకార చర్యలు ఇంకా ఉన్నాయి. మడమ వెనక సుత్తితో కొడితే పాదం కిందికి తన్నడం ఒకటి. పాదాన్ని చటుక్కున పైకి నెట్టి పట్టుకుంటే అది ఆగకుండా లయగా కొట్టుకోవడం మరొకటి. వీటన్నిటిలోకీ బొటనవేలికే ఎక్కువ పేరు వచ్చింది, అపార్థాలూ దాని చుట్టూనే ఎక్కువ పేరుకున్నాయి. మెదడు దెబ్బతిన్నదీ లేనిదీ తేల్చిచెప్పే పరీక్షగా కొందరు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. స్కానింగులు వచ్చాక దాని పని అయిపోయిందని మరికొందరు పక్కన పెట్టేశారు. సాక్ష్యాలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు. పెద్దవాళ్ళలో ఈ చిహ్నం స్పష్టంగా కనిపిస్తే దాన్ని కొట్టిపారేయడానికి లేదు. కనిపించకపోవడం వల్ల మాత్రం ఏ భరోసా దొరకదు. పైగా అది జబ్బు పేరు చెప్పదు, జబ్బు ఎక్కడుందో వెతకవలసిన దిక్కు చూపిస్తుంది.

దీనికి పేరిచ్చిన జోసెఫ్ బబిన్‌స్కీ 1857లో పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పోలెండు నుంచి వలస వచ్చినవారు. సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో దగ్గర పనిచేశాడు. షార్కో హిస్టీరియా రోగిని చూపిస్తూ పాఠం చెప్పే దృశ్యాన్ని బ్రూయే అనే చిత్రకారుడు 1887లో గీశాడు. అందులో వెనక్కి వాలిపోతున్న రోగిని పట్టుకుని నిలబడ్డవాడు బబిన్‌స్కీయే. ఆ రోజుల్లో పారిస్ వైద్యులను వేధించిన ప్రశ్న ఒకటుంది. చెయ్యీ కాలూ పడిపోయిన ఇద్దరు మనుషుల్లో ఒకరి మెదడులో రక్తనాళం చిట్లి ఉంటుంది. మరొకరి నాడీ వ్యవస్థలో చెడిపోయినదేదీ దొరకదు; అలాంటిదాన్నే అప్పట్లో హిస్టీరియా అనేవారు. పైకి ఇద్దరూ ఒకలాగే ఉంటారు. రోగి ఎంత ప్రయత్నించినా అనుకరించలేని గుర్తు ఏదైనా దొరికితేనే వాళ్ళను విడదీయగలం. బబిన్‌స్కీ పరిశ్రమంతా అలాంటి గుర్తుల కోసమే సాగింది. 1896 ఫిబ్రవరి 22న పారిస్ జీవశాస్త్ర సంఘంలో అతను సమర్పించిన నివేదిక అచ్చులో 28 పంక్తులు మాత్రమే ఉంటుంది. పక్షవాతం వచ్చిన వైపు అరికాలిని గుచ్చితే వేళ్ళు ముడుచుకోవడానికి బదులు పైకి లేస్తున్నాయని అందులో చెప్పాడు. 1898లో మరింత వివరంగా రాశాడు. వేళ్ళు విచ్చుకోవడం గురించి 1903లో చేర్చాడు. బొటనవేలు లేవడాన్ని అంతకుముందే, 1893లో, జర్మన్ వైద్యుడు ఎర్నెస్ట్ రెమాక్ గమనించాడు. గమనించినవాడి పేరు కాక దాని అర్థం గ్రహించినవాడి పేరు నిలవడం న్యాయమే. ప్రొఫెసరు కావడానికి కావలసిన పోటీ పరీక్షలో 1892లో బబిన్‌స్కీని నెగ్గనివ్వలేదు. విశ్వవిద్యాలయ పీఠం ఎన్నడూ ఎక్కకుండానే పితియే ఆసుపత్రిలో విభాగాధిపతిగా పనిచేసి, 1932లో మరణించాడు. 

బొటనవేలు ఎందుకు లేస్తుందో అర్థం కావాలంటే ముల్లు గుచ్చుకున్న కాలిని గుర్తుచేసుకోవాలి. అరికాలికి నొప్పి తగలగానే తుంటి, మోకాలు, చీలమండ మూడూ మడుచుకుని కాలు పొట్టిదవుతుంది, పాదం నేల విడుస్తుంది. ఈ ఏర్పాటు మొత్తం వెన్నుపాములోనే ఉంది. మెదడు అనుమతితో దానికి పని లేదు. అరికాలి చర్మం నుంచి సమాచారం ప్రధానంగా మొదటి త్రిక ఖండానికి చేరుతుంది. బొటనవేలిని లేపే కండరానికి ఆజ్ఞ ముఖ్యంగా ఐదో కటి ఖండం నుంచి వస్తుంది. బొటనవేలు పైకి లేవడం కూడా కాలిని పొట్టి చేసే ఈ కదలికలో భాగమే. అప్పుడే పుట్టిన బిడ్డలో అది బాహాటంగా కనిపిస్తుంది. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నాడీ మార్గానికి, అంటే ఒక్కో పక్క సుమారు 10 లక్షల తంతువులున్న పిరమిడల్ మార్గానికి, అప్పటికి మయలిన్ తొడుగు పూర్తిగా ఏర్పడి ఉండదు. బిడ్డ లేచి నడిచే వయసుకు ఆ మార్గం పక్వానికి వచ్చి, బొటనవేలిని ఆ కదలికల జట్టు నుంచి తప్పిస్తుంది. నిలబడి నడిచే జీవికి పాదం నేలను పట్టుకుని ఉండటం అవసరం కనుక వేళ్ళు కిందికి ముడుచుకునే స్పందన పైచేయి సాధిస్తుంది. సాధారణంగా ఏడాది వయసుకు, ఆలస్యమైతే రెండేళ్ళకు ఈ మార్పు పూర్తవుతుంది. ఆ తరువాత ఎప్పుడైనా పిరమిడల్ మార్గం పని తప్పితే అణిగి ఉన్న పాత స్పందన మళ్ళీ బయటపడుతుంది. అందుచేత బబిన్‌స్కీ చిహ్నం జబ్బు కొత్తగా పుట్టించిన కదలిక కాదు. పుట్టుకతో వచ్చి, అదుపులోకి వెళ్ళి, అదుపు తప్పగానే తిరిగొచ్చినది. ఐరోపా చిత్రకారుల మేరీమాత చిత్రాల్లో చంటి యేసు బొటనవేలు పైకి లేచి ఉండటం నాడీవైద్యులకు ఇష్టమైన ముచ్చట. ఆ చిత్రకారులు బిడ్డలను చూసి గీశారనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ అవగాహన నుంచే పరీక్షను చదివే పద్ధతి పుడుతుంది. నెదర్లాండ్స్ నాడీవైద్యుడు యాన్ వాన్ హైన్ 1970లలో కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తూ ఈ చిహ్నాన్ని కూలంకషంగా పరిశీలించాడు. నిజమైన బబిన్‌స్కీ చిహ్నంలో బొటనవేలిని లేపే పొడుగు కండరం తప్పనిసరిగా పనిచేస్తుంది. అదే క్షణంలో తొడ వెనక కండరాలు కూడా బిగుస్తాయి, మోకాలి వెనక తంత్రులు తేలుతాయి. చక్కిలిగింతకు కాలు లాక్కునే మనిషిలోనూ బొటనవేలు లేవవచ్చు. అయితే ఆ కదలిక చురుగ్గా, ఒక్కోసారి ఒక్కోలాగా ఉంటుంది. పాదమంతా ఒకేసారి వెనక్కి పోతుంది. కాబట్టి వేలిని మాత్రమే చూసేవారు పొరబడతారు, కాలంతటినీ చూసేవారు పొరబడటం తక్కువ. వేళ్ళు విచ్చుకోవడానికి ఇంత విలువ లేదు. ఆరోగ్యవంతుల్లోనూ అది కనిపిస్తుంది, బొటనవేలు లేవకుండా అదొక్కటే ఉంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. రోగి పడుకుని, కాలు చాపి, కండరాలు వదులుగా ఉంచాలి. పాదం చల్లగా ఉండకూడదు. సూదికొనలు, పదునైన తాళంచెవులు వాడి రోగిని బాధపెట్టడం వల్ల వచ్చేది తప్పుడు జవాబే. గీత అరికాలి వెలుపలి అంచున నడవాలి. మరీ లోపలికి జరిగితే వేళ్ళ మొదళ్ళ దగ్గర వేరే పట్టు స్పందన తగులుకుని అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది.

అరికాలు తాకనివ్వనివారికీ, అక్కడ పుండ్లున్నవారికీ అదే స్పందనను వేరే చోటు నుంచి రప్పించే పద్ధతులున్నాయి. వెలుపలి చీలమండ కింద గీయడం చాడక్ పద్ధతి. అమెరికాలో చాడక్ దాన్ని 1911లో ప్రచురించకముందే, 1906లో, జపానులో యోషిమురా వర్ణించాడు. మోకాలి కింద ముందు ఎముక వెంట కణుపులతో నొక్కుతూ దిగడం ఒపెన్‌హైమ్ పద్ధతి, పిక్కను పిసకడం గోర్డన్ పద్ధతి, మడమ వెనక తంత్రిని నొక్కడం షాఫర్ పద్ధతి. ఈ జాబితా ఇంకా చాలా పొడుగుంది. ఒక తరం వైద్యులు కాలిలో ఎక్కడ నొక్కినా తమ పేరు పెట్టుకున్నారేమో అనిపిస్తుంది. అన్నిటి ఫలితమూ ఒకటే బొటనవేలు కనుక వాటిని వేర్వేరు చిహ్నాలుగా లెక్కవేసి, నాలుగు రుజువులు దొరికాయనుకోవడం పొరపాటు. రోజువారీ పనికి అరికాలి గీతకు తోడు చాడక్ పద్ధతి ఒక్కటి తెలిస్తే సరిపోతుంది.

బొటనవేలికి అసలు విలువ పక్కనున్న మరో ప్రతీకార చర్యతో కలిపి చదివినప్పుడు వస్తుంది. మడమ వెనక అకిలీస్ తంత్రి మీద సుత్తితో కొడితే పిక్క కండరం ముడుచుకుని పాదం కిందికి తన్నుతుంది. ఈ వలయం కాలి నరాల గుండా మొదటి త్రిక ఖండానికి పోయి తిరిగొస్తుంది. వలయంలో ఎక్కడ తెగినా స్పందన పోతుంది. మధుమేహం వల్ల కాళ్ళ నరాలు చెడినా, నడుము కింది డిస్కు జారి నరపు మొదలును నొక్కినా జరిగేది అదే. వలయం బాగుండి దాని మీద మెదడు అదుపు పోతే స్పందన తీవ్రమవుతుంది, పాదం లయగా కొట్టుకోవడమూ మొదలవుతుంది. థైరాయిడ్ లోపంలో పాదం తన్నడం మామూలుగానే ఉండి, తిరిగి సడలడం మాత్రం నెమ్మదిస్తుంది. ఈ లెక్కన బొటనవేలు లేస్తే చీలమండ స్పందన కూడా చురుగ్గా ఉండాలి. ఒక్కోసారి అలా ఉండదు: బొటనవేలు లేస్తుంది, చీలమండ మాత్రం పలకదు. పైనున్న మార్గమూ కింది వలయమూ ఒకేసారి చెడ్డాయని దాని అర్థం. ఇలా రెండిటినీ పట్టే జబ్బులు తక్కువ కనుక ఈ కలయిక వెతుకులాటను ఒక్కసారిగా ఇరుకు చేస్తుంది. చిన్న వయసులో నడక తూలే ఫ్రీడ్రిక్ అటాక్సియా వాటిలో ఒకటి. మనకు బాగా దగ్గరిది విటమిన్ బీ12 లోపం. వెన్నుపాము పక్క, వెనక భాగాలు రెండూ దెబ్బతినే ఈ స్థితిని 1900లో రసెల్, బాటెన్, కాలియర్ అనే ముగ్గురు బ్రిటిష్ వైద్యులు వర్ణించారు. మాంసం, గుడ్లు తినకుండా పాలు కూడా తక్కువ తీసుకునేవారికీ, జీర్ణాశయం ఈ విటమిన్‌ను పట్టుకోలేని వృద్ధులకూ ఇది వస్తుంది. తిమ్మిర్లన్నీ షుగరు వల్లే అని సరిపెట్టుకున్న చోట లేచిన బొటనవేలు ఆ లెక్కను తప్పని చెబుతుంది, ఎందుకంటే మధుమేహపు నరాల జబ్బు బొటనవేలిని లేపదు. బీ12 సూదిమందు చవకైనది. ఆలస్యమైతే మాత్రం పోయిన శక్తి పూర్తిగా తిరిగిరాదు.

చిహ్నం జబ్బు పేరు చెప్పదనడానికి తెలుగు నేల మీదే గట్టి ఉదాహరణ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి శాస్త్రీయ నివేదికను 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుంచి ప్రచురించారు. తరువాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగినవారిలో ఎముకలు మందమై, వెన్నుపూసల మధ్య బంధనాలు గట్టిపడి, వెన్నుపాము పట్టే దారి ఇరుకవుతుంది. ముఖ్యంగా మెడ దగ్గర వెన్నుపాము నలిగి కాళ్ళు బిగుసుకుపోతాయి, బొటనవేళ్ళు లేస్తాయి. హైదరాబాదులో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ నాడీ సమస్యలను విస్తారంగా అధ్యయనం చేశారు. ఇక మధ్యభారతంలోని రేవా, సత్నా ప్రాంతాల్లో కరువుకాలంలో కేసరిపప్పే ముఖ్యాహారమైనవారికి కాళ్ళు బిగుసుకుపోయే లాథిరిజం వచ్చేది. ఆ గింజల్లోని విషపదార్థాన్ని 1964లో భారతీయ శాస్త్రజ్ఞులే వేరు చేసి గుర్తించారు. అందులోనూ బొటనవేలు ఇలాగే లేస్తుంది. వెన్నెముకకు క్షయ సోకినా, మెడలో డిస్కు జారినా, వెన్నుపాములో గడ్డ పెరిగినా పాదం చూపే గుర్తు ఒకటే. నీళ్ళా, తిండా, క్రిమా, ఎముకా అన్న సంగతి రోగి ఊరూ వృత్తీ ఆహారమూ అడిగి తెలుసుకోవలసిందే.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది అన్నిటికన్నా బలమైనది: ఈ పరీక్షను చూసేవారి మధ్యనే ఏకాభిప్రాయం లేదు. 2005లో మిల్లర్, జాన్‌స్టన్ అనే అమెరికన్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. 10 మంది వైద్యులు 10 మంది వ్యక్తుల పాదాలను పరీక్షించారు. నాడీ మార్గం చెడటం వల్ల వచ్చిన బలహీనత ఉందో లేదో బబిన్‌స్కీ పరీక్షతో సరిగ్గా చెప్పగలిగింది 56 శాతం సందర్భాల్లోనే. పాదంతో నేలను వేగంగా తట్టమని చూసే మామూలు పరీక్షతో 85 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేయడం కన్నా ఇది ఏమంత మేలని అడిగితే తప్పు పట్టలేం. అంతకుముందే, 1977లో, వాన్ హైన్, బోంకే మరో బలహీనతను చూపించారు. ఒకే పాదం కదలికను ఫిల్ము మీద చూపిస్తూ, రోగి చరిత్రను మార్చి చెబితే వైద్యుల తీర్పూ మారిపోయింది; తాము ఎదురుచూస్తున్నదే కళ్ళకు కనిపించింది. అయితే 2014లో కొలంబియా వైద్యులు ప్రచురించిన అధ్యయనం ఈ అంకెల లోపలి సంగతిని విడదీసి చూపింది. పిరమిడల్ మార్గం చెడినవారిలో ఈ చిహ్నం కనిపించింది సుమారు సగం మందిలోనే. ఆ జబ్బు లేనివారిలో మాత్రం 99 శాతం మందిలో అది కనిపించలేదు. రెండు అంకెలనూ కలిపి సగటు వేస్తే పరీక్ష పేలవంగా తోస్తుంది; విడిగా చూస్తే దాని గుణం తెలుస్తుంది. సగం మందిని వదిలేసే పరీక్ష జబ్బు లేదని చెప్పడానికి పనికిరాదు. దాదాపు ఎన్నడూ వృథాగా మోగని పరీక్ష, మోగినప్పుడు వినవలసినదే. పాదంతో నేల తట్టడం మంచి పరీక్షే, దాన్ని బబిన్‌స్కీ పక్కన చేర్చుకోవాలి. అయితే తట్టడానికి రోగి మాట వినాలి, సహకరించాలి. స్పృహ లేనివారు, చిన్నపిల్లలు, మతి తప్పినవారు తట్టలేరు. కీళ్ళవాతంలోనూ పార్కిన్సన్ జబ్బులోనూ కూడా తట్టడం మందగిస్తుంది.

రెండో అభ్యంతరం ఎమ్మారై. లోపలి బొమ్మే కనిపిస్తుంటే అరికాలు గీకడం దేనికి? బొమ్మ ఎక్కడ తీయాలో ముందు తెలియాలి కనుక. కాళ్ళు బలహీనపడ్డాయని వచ్చిన మనిషికి నడుము స్కానింగు రాయడం సర్వసాధారణం. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగాన, మొదటి, రెండో కటి వెన్నుపూసల మధ్య ముగిసిపోతుంది; ఆ కింద ఉండేవి నరాల మొదళ్ళు మాత్రమే. అక్కడ ఎంత ఒత్తిడి ఉన్నా బొటనవేలు లేవదు. అది లేచిందంటే చెడు అంతకన్నా పైన, వీపులోనో మెడలోనో మెదడులోనో ఉంది. నడుము బొమ్మలో వయసుతో వచ్చే డిస్కు మార్పులు చాలామందికి ఉంటాయి. వాటిని చూసి నడుముకే చికిత్స చేస్తే మెడలో నలుగుతున్న వెన్నుపాము అలాగే ఉండిపోతుంది. యంత్రం ఎంత గొప్పదైనా తనకు చూపించని భాగం గురించి ఏమీ చెప్పలేదు. జిల్లా ఆసుపత్రి నుంచి రోగిని ఎక్కడికి, ఎంత తొందరగా పంపాలో నిర్ణయించుకునే వైద్యుడికి ఈ ఒక్క గుర్తు చేసే మేలు నగరంలో కన్నా ఎక్కువ.

మూడో అభ్యంతరం మరో దిక్కు నుంచి వస్తుంది: ఏ గాయమూ లేకుండానే బొటనవేలు లేచిన సందర్భాలున్నాయి కదా? ఉన్నాయి. మూర్ఛ వచ్చి తగ్గిన కాసేపు, రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు, మత్తుమందు ప్రభావంలో, గాఢనిద్రలో అది కనిపించి పోతుంది. చక్కెర ఎక్కించగానే బొటనవేలు తన పాత పద్ధతికి వస్తుంది. అంటే ఈ చిహ్నం చెప్పేది ఆ మార్గం ఆ క్షణంలో పనిచేయడం లేదని. తెగిందో, తాత్కాలికంగా మూగబోయిందో అది చెప్పలేదు. ఎదురు సందర్భాలూ ఉన్నాయి. వెన్నుపాము తెగిన తొలి గంటల్లో, రోజుల్లో కింది స్పందనలన్నీ స్తంభించి బొటనవేలు కదలకపోవచ్చు. దాన్ని లేపే కండరమే క్షీణించినా, ఆ కండరపు నరం మోకాలి పక్కన నలిగినా లేవవలసినది లేవదు. 1955లో నాథన్, స్మిత్ అనే బ్రిటిష్ పరిశోధకులు వెన్నుపాము శస్త్రచికిత్స జరిగినవారిని బతికుండగా పరీక్షించి, మరణానంతరం వారి వెన్నుపాములను పరిశీలించారు. పిరమిడల్ మార్గపు గాయానికీ ఈ చిహ్నానికీ ఒకదానికొకటి సరిగ్గా పొంతన లేదని తేల్చారు. బబిన్‌స్కీ వెతికింది నిజమైన పక్షవాతాన్నీ హిస్టీరియానూ విడదీసే గుర్తు. అతనికి దొరికినది ఆ పని సగమే చేస్తుంది. బొటనవేలు లేస్తే అది హిస్టీరియా కాదని ధైర్యంగా చెప్పవచ్చు. లేవలేదు కనుక రోగిది మనోభ్రమ అనడానికి మాత్రం ఆధారం లేదు. అలా అనేసి ఇంటికి పంపడం ఈ పరీక్షను తిరగేసి వాడుకోవడమే.

ఇంట్లో పెద్దవారి అరికాలు గీకి చూసి ధైర్యం తెచ్చుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో బొటనవేలు లేవకపోవచ్చు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి లేదా కాలు ఉన్నట్టుండి పట్టు తప్పినా పాదం వంక చూడకుండా ఆసుపత్రికి బయలుదేరండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నెలల తరబడి నడక బిగుసుకుపోతున్నా, చెప్పు తెలియకుండా జారిపోతున్నా, చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు మేజోళ్ళు విప్పి కూర్చోండి, పాదాలు చూడమని వైద్యుణ్ణి అడగండి.